జ్ఞానమణి బాణలి ఎత్తుకుపోయిన ఆచారి

కోయిలకుంట్ల వెండిపనివాడు వీరభద్రాచారికి ఒకటే పిచ్చి. పువ్వు, పిందె, నెమలి చేయమంటే ఆయనకు చేతులు రావు. చేట, చెంబు, అట్లకాడ అంటే మాత్రం వేళ్లు వాటంతటవే ఆడతాయి. ఎవరింటికి పోయినా నేరుగా వంటింట్లోకి నడిచి, "ఈ గరిటె రెండు దినాలు ఇయ్యమ్మా, రూపం చూసుకోవల్ల" అంటాడు. దాన్ని పట్టుకుపోయి, అచ్చుగుద్దినట్టు గోరంత వెండి గరిటెలు చేసి కమ్మలకు వేలాడదీస్తాడు. కర్నూలు కాలేజీ పిల్లలు వాటికోసం ఎగబడతారు. సొంత ఊరు మాత్రం ఆయనకిచ్చిన బిరుదు 'గరిటెల దొంగ'.

ఏ దొంగా సొత్తు తిరిగివ్వడు. ఆచారి ప్రతిదీ తిరిగిస్తాడు. అదీ తప్పే అయింది.

"ఊగులాడే పిడి గట్టిపడిందే!" అంటుంది ఒకామె.

"యాడో విరగ్గొట్టి అతికిచ్చింటాడులే," అంటుంది పక్కింటామె.

ఆచారి వింటాడు. మీసాల కింద నవ్వుకుంటూ పోతాడు.

ఈ ప్రచారానికి పెద్దదిక్కు సుబ్బరత్నమ్మ. పొలాలూ పలుకుబడీ ఉన్న ఇంటి ఇల్లాలు. కూతురు శివాని పెళ్లికి నెమలి కమ్మలు చేయమంటే, ఆచారి ఆమె పప్పుగుత్తి పట్టుకుపోయి పప్పుగుత్తి కమ్మలు తెచ్చాడు.

"పెండ్లికూతురి చెవులకు పప్పుగుత్తులేందప్పా?"

"నెమలి మీ ఇంట్లో ఏం పనిజేస్తాది తల్లీ? పప్పుగుత్తి దినామూ చేస్తాంది గద!"

శివాని ముచ్చటపడి అవే పెట్టుకుని పీటలెక్కింది. తల్లి కోపం మాత్రం ఈనాటికీ దిగలేదు.

జ్ఞానమణి బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తుంది. సంతనాటి బేరమే ఆమెకు వారమంతా తిండి. ఆమె బాణలికి ఒక చెవి ఊడి ఏడాదైంది. కాగే నూనెతో ఉన్న బాణలిని ఒంటి చెవితో, ఒక గుడ్డపేలికతో దించుతుంది. మోచేతిదాకా కాలిన మచ్చలే. సరిగ్గా సంత ముందురోజు ఆచారి దిగాడు.

"ఆ బాండ్లి ఇయ్యి జ్ఞానమ్మా, రూపం చూసుకోవల్ల."

"రేపు సంతన్నా! అది లేకుంటే నా బతుకు పొయ్యిలోకే."

"సంత కూడేలోపల నీ పొయ్యి మీదుంటాది."

కాదనలేక ఇచ్చింది. తెల్లారింది. శనగపిండి కలిపింది. సంతకు ఆటోలు దిగుతున్నాయి, బాణలి జాడ లేదు. పిండి చేతులతోనే ఆచారి అంగడి మీద పడింది.

"యాడుండాది నా బాండ్లి? కరిగిచ్చి కమ్మలు పోసినావా?"

ఆచారి చెమటలు కక్కుతూ చివరి రివెట్టు కొడుతున్నాడు. బాణలికి రెండు చెవులూ ఉన్నాయి. పక్క అరలో వీధిలోవాళ్ల గరిటెలు, చెంబులు. అన్నింటికీ కొత్త అతుకులే.

"రూపం చూసుకోవల్లంటివి గదన్నా?"

"చూసుకుంటి. ఒంటి చెవితో రూపం బాగలేకపాయె."

"నిజం జెప్పు."

"బాగుజేస్తా ఇయ్యమంటే ఎవురిస్తారమ్మా? 'వద్దులేన్నా, ఇట్లే సర్దుకుంటాండాం' అంటారు. నువ్విచ్చేదానివా?"

జ్ఞానమణి కొత్త చెవి పట్టి లాగి చూసింది. చచ్చినా ఇచ్చేది కాదు.

"మరి సుబ్బరత్నమ్మ పప్పుగుత్తి? అది బాగానే ఉండె గద!"

"పెద్దిండ్లవి గూడా తేకుంటే అనుమానం రాదా? ఆయమ్మ తిట్టేకొద్దీ నా పని సులువు. నువ్వు గూడా యాడా నోరు జారొద్దు."

మన ఊళ్లలో ఒక గ్రైండరు దానం చేస్తే దాని మీద పదిమంది చేతులు పడతాయి. తీసుకునే మనిషి తలవంచుకుని ఫోటో మధ్యలో నిలబడాలి. ఆచారికి ఆ తెలివి లేదు. దొంగ అనిపించుకునే తెలివి మాత్రమే ఉంది.

సంతలో సుబ్బరత్నమ్మ బజ్జీల దగ్గర ఆగింది. "బాండ్లి దొరికిందా జ్ఞానమణీ?"

జ్ఞానమణి గొంతు సంతంతా మోగింది. "దొరికిందమ్మా! నిక్షేపం మాదిరుండే బాండ్లిని చెడగొట్టి, అతుకులేసి తెచ్చిచ్చినాడు! వట్టి దొంగోడు!"

పక్కనే బజ్జీ నములుతున్న ఆచారి, ఇంకా గట్టిగా అనమన్నట్టు తలూపాడు.

మీరు కోయిలకుంట్ల పోతే ఈ సంగతి ఎత్తకండి. మీ వీధిలోనే, విరిగిన పిడితో చేతులు కాల్చుకునేవాళ్లు ఎవరున్నారో చూడండి. సాయమనకండి, ఫోటో అనకండి. నోటికొచ్చిన అబద్ధమేదో చెప్పి ఆ గిన్నె ఎత్తుకురండి.