రాలేదని నేను చెప్పిన మెయిల్

"రాలేదు." ఎన్నో ఏళ్లుగా ఈ ఒక్క మాటను మోస్తున్నాను. మోస్తున్నట్టు ఎవరికీ తెలియకపోవడమే దాని అసలు బరువు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను లెక్కల మనిషిని. తేదీ లేని కాగితాన్ని ఏనాడూ నమ్మలేదు. పూండి చుట్టుపక్కల కిడ్నీ జబ్బు మనుషుల ఆసుపత్రి కాగితాలు మా ఇంటి కంప్యూటర్ ద్వారానే వచ్చి పోయేవి. నేను ఉందంటే ఉంది. లేదంటే లేదు.

దానయ్య (అసలు పేరు కాదు) వజ్రపుకొత్తూరు వైపు మత్స్యకారుడు. పలాసలో డయాలసిస్ చేయించుకునేవాడు. గుజరాత్ బోట్లలో పనిచేసే తమ్ముడు కిడ్నీ ఇస్తానన్నాడు. అతను తన పరీక్షల రిపోర్టులు నాకు మెయిల్ చేస్తే, నేను విశాఖ ఆసుపత్రికి పంపాలి.

ఆ వారమే కంప్యూటర్‌లో కొత్త యాంటీవైరస్ వేశాను. అప్పటి నుంచి మెయిల్ తెరిస్తే సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదన్న సందేశం కనిపించి పోయేది. చిన్న మెయిళ్లు వస్తూనే ఉన్నాయి కనుక లైను బాగాలేదనుకున్నాను. నిజంగా అనుకున్నానా, అనుకోవడం సులువనిపించిందా?

శనివారం దానయ్య భార్యతో వచ్చాడు. కాళ్లు వాచి ఉన్నాయి.

"మా తమ్ముడు రెండుపాల్లు పంపీసినానంటన్నాడు బాబూ. మీకు రానేదేటి?"

"రాలేదు. పంపితే తేదీతో సహా ఇక్కడ ఉంటుంది. కంప్యూటర్ అబద్ధం చెప్పదు."

"అయితే ఆడే సెప్తన్నాడన్నమాట." నవ్వబోయి ఆగాడు. "సిన్నప్పుడు సేప జారిపోనాదనీవోడు. ఇప్పుడు మెయిలు జారిపోనాదంటన్నాడు."

"ఇంకొక్కపాలి సూడండి బాబూ," అంది భార్య.

నేను చూడలేదు.

ఆ సాయంత్రమే దానయ్య ఫోన్‌లో తమ్ముణ్ని తిట్టి సంబంధం తెంచుకున్నాడు. ఊరంతా ఆ తమ్ముణ్ని పిరికివాడంది.

వారం తిరిగేసరికి నా పింఛను కాగితం ఒకటి రాలేదు. నాది కాబట్టి పట్టుదలగా వెతికాను. కేబుల్ మార్చాను. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాను. సర్వర్ సెట్టింగులు ఒక్కొక్కటే సరిచూశాను. చివరికి యాంటీవైరస్‌లో మెయిళ్లను తనిఖీ చేసే భాగాన్ని ఆపాను. పెద్ద ఫైళ్లున్న మెయిల్ వస్తే అది తనిఖీ పేరుతో పట్టి ఉంచుతోంది, ఈలోగా కనెక్షన్ తెగిపోతోంది. ఆపగానే ఆగినవన్నీ వచ్చి పడ్డాయి. వాటిలో తమ్ముడివి రెండు. రెండూ దానయ్య నా గుమ్మం ఎక్కకముందు పంపినవే.

అప్పటికి దానయ్య బతికే ఉన్నాడు.

వెంటనే వెళ్లాను. నిజం చెప్పడానికే బయలుదేరాను, లేక అలా అనుకోవడం ఇప్పుడు నాకు అవసరమా? అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఆ గౌరవం ముందు నా నోటి నుంచి మరో మాట వచ్చింది.

"మీ తమ్ముడు కాగితాలు ఈరోజే పంపాడు."

"ఊరంతా ఉమ్మీసినాక పంపినాడా? ఆడి కిడ్నీ నాకక్కర్నేదు," అన్నాడు దానయ్య.

భార్య ఎంత బతిమాలినా మాట మార్చుకోలేదు. వానలు పడకముందే పోయాడు. పాడె పట్టబోయిన తమ్ముణ్ని బంధువులు పక్కకు నెట్టారు. నేను అక్కడే ఉన్నాను. అతను నన్నేమీ అడగలేదు. నేను పొరబడతానన్న ఆలోచనే అతనికి రాలేదు.

ఆ కిడ్నీ సరిపడేదో లేదో నాకు తెలియదు. తెలియనిదాని చాటున దాక్కోను. తమ్ముడు మళ్లీ ఊరికి రాలేదు. ఈ మాట అతనితో చెప్పవలసింది. మీతో చెబుతున్నాను. అదీ పిరికితనమే.

తేదీలు మాత్రం సరిచేస్తున్నాను. అతను మంగళవారం పంపాడు. శుక్రవారం మళ్లీ పంపాడు. దానయ్య వచ్చింది ఆ మర్నాడు. "ఈరోజే" అని నేను అబద్ధమాడింది ఆ పై శనివారం.

ఇప్పుడిది రాసి ఉంది.