ఛాతీ కొలత

కలిదిండి చేపల చెరువుల గట్ల మీద రోజూ తెల్లారేసరికి నాలుగు రౌండ్లు పరుగెత్తి వస్తాడు జాన్‌వెస్లీ. ఇంటర్ అయ్యాక, సైన్యంలో చేరేదాకా అదే అతని ఉద్యోగం. బురద బూట్లు గుమ్మంలో విడిచి, చొక్కా విప్పి నిలబడితే, బట్టలు కుట్టే తల్లి కృపమ్మ మెడలోని టేపు తీసి ఛాతీ కొలుస్తుంది. "నేల మీదుండే వాళ్ళకే గదా తూటాలు తగిలేది. ఎయిర్ ఫోర్స్ అయితే దేవుడికి దగ్గరగా ఉంటావు నాన్నా," అంటుంది. అతను తలూపుతాడు. తీరా దరఖాస్తు పెట్టే రోజున, లెక్కల పరీక్షకు జడిసి ఎయిర్ ఫోర్స్ వదిలేసి ఆర్మీకి పెట్టాడు. ఇంటికొచ్చి "పెట్టేశానమ్మా" అన్నాడంతే.

మొన్న ఆదివారం కృపమ్మ చర్చిలో ప్రార్థన మనవి చీటీ ఇచ్చింది. "మన తమ్ముడికి ఎయిర్ ఫోర్స్ ఉద్యోగం రావాలని ప్రార్థన చేద్దామండీ," అన్నారు పాస్టరుగారు. చర్చంతా మోకరించింది. జాన్‌వెస్లీ అందరికంటే ఆలస్యంగా ఆమెన్ అన్నాడు. మర్నాడు టేపు బిగించి, "ఊపిరి పీల్చు" అంది తల్లి. పీల్చాడు. "చూశావా, అర అంగుళం పెరిగింది! ప్రార్థన ఊరికే పోలేదు," అని మురిసిపోయింది. "ఇక వదులు నాన్నా" అంటున్నా, ఊపిరితో పాటు ఆర్మీ మాట కూడా బయటికి వచ్చేస్తుందేమోనని, అతను బిగబట్టుకునే నిలబడ్డాడు.