నదివైపు తిరిగి పంచిన చేపలు

నా చిన్నప్పుడు, శబరి నది ఒడ్డున దొర్ల ఆదివాసుల ఊరైన మా ఊళ్లో, నది అందరిదీ, పెద్ద మడుగు మాత్రం సర్కారు పాటలో చేపల హక్కు కొనుక్కున్న ఠేకేదారుది. ఎండాకాలం నీళ్లు తగ్గితే చేపలన్నీ ఆ మడుగులోకే చేరేవి. ఊరివాళ్లు అక్కడ గాలం వేసినా కావలివాళ్లు లాగేసుకునేవారు. నది అందరిదైతే చేపలు ఒక్కడివి ఎలా అయ్యాయని మా నాన్నను వేధించేదాన్ని. దుకాణంలో ఉప్పు జోకుతూ ఆయన నన్ను సంచీ పట్టుకోమనేవాడు.

ఊరికి మిగిలింది వెనకనున్న వాగు. ఏడాదికొకసారి, అది గుంటలుగా విడిపోయాక, ఊరంతా కలిసి చేపలు పట్టేవారు. వాటిని ఎండబెట్టుకుంటే వానాకాలం గంజిలోకి అవే ఆధారం. ఒక ఏడు పక్కింటి అక్కకు అదే దిగులు. పెనిమిటి జ్వరంతో పోయాడు, ఇద్దరు పసివాళ్లు, ఇంట్లో వల లేదు.

అందుకే చేపలు పట్టే రోజు అక్క పొద్దున్నుంచీ నడుం ఎత్తకుండా గుంటలోంచి గూడబుట్టతో నీళ్లు తోడింది. తీరా పంచే వేళకు, ఎక్కడినుంచో వచ్చి ఊళ్లో స్థిరపడ్డ, మా తెలుగువాడే అయిన ఒక రైతు అడ్డం తిరిగాడు. వలలు తనవి కాబట్టి పెద్ద వాటా తనదేనట, మగదిక్కు లేని ఇంటికి పిడికెడు చాలునట. అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండింది.

ఊరిపెద్ద అయిన దొర్ల ముసలాయన, మేమంతా పటేల్ తాత అనేవాళ్లం, కోప్పడలేదు. “నీ వలలే గద, పోగులు గూడ నువ్వే పెట్టు” అన్నాడు. రైతు సంబరంగా ఇంటికొక టేకాకు పరిచి పోగులు పెట్టాడు. కొర్రమీనులన్నీ ఏ ఆకు మీదికి చేరాయో చెప్పక్కర్లేదు. చివరి ఆకు మీద ఏవో కాసిని చిట్టి పరక చేపలు.

అప్పుడు తాత నన్ను పిలిచి, నదివైపు తిప్పి నిలబెట్టాడు. వేటమాంసం పంచేటప్పుడు దొర్లలో అదే ఆనవాయితీ, రైతుకు తెలియదు పాపం. దుకాణం పిల్లకు ఇందులో వాటా లేదు కాబట్టి పక్షపాతమూ ఉండదన్నాడు తాత. అక్క మీద నాకు బోలెడంత ఉంది, అది వేరే సంగతి. తాను ఒక్కో పోగు మీద కర్ర ఆనించి ఎవరిదని అడుగుతాడు, నేను వెనక్కి చూడకుండా ఒక్కో ఇల్లు చెప్పాలి. “నువ్వు ఎవరి పేరు జెప్తే ఆ పోగు వాళ్లదే బిడ్డా.”

వెనకనుంచి రైతు గొంతు నెమ్మదిగా వినిపించింది. “జర ఆగు తాతా.”

ఇక టపటపమని ఒకటే చప్పుడు, చేపలు ఆకు మీంచి ఆకు మీదికి పడుతున్నాయి. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఎదురుగా చూద్దామంటే ఠేకేదారు పడవలు తప్ప ఏమీ లేవు. చప్పుడు ఆగాక తాత అడిగాడు, నేను చెప్పాను. తిరిగి చూస్తే ఆకులన్నీ ఒక్క తీరుగా నిండి ఉన్నాయి. అక్క పోగులో కొర్రమీను ఇంకా తోక ఆడిస్తోంది. అక్క నవ్వడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి చూశాను.

ఇంటికి వస్తూ, పెద్ద మడుగు చేపలనూ ఇలాగే ఎందుకు పంచరని తాతను అడిగాను. తాత నడక ఆపాడు. “ఆడ పోగులు పెట్టెటోడికి తన పోగేదో ముందే ఎరుక బిడ్డా” అన్నాడు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా లోటుండదంటారు. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ పనసపండు కోసినవాళ్లు తమ వాటా చివర తీసుకోవాలి. మనవలు నవ్వుతారు, నవ్వనీ. ఎవరైనా వచ్చి అంతా సమానంగానే పంచామంటే, పంచేటప్పుడు నదివైపు తిరిగి నిలబడింది ఎవరని అడుగుతాను.