మూడు చుక్కలు

మాంచెస్టర్‌లో డాక్టరైన మా అబ్బాయి పెళ్లి గురించి కాకినాడలో ఇప్పటికీ గొప్పలు పోతుంటాను. యూదుల పెళ్లివారు యాభై మంది నా పంచాంగం ముందు నోరెత్తలేకపోయారంటాను. నిజానికి రోజు మార్చమని నన్ను అడిగింది ఒక్కరే, పెళ్లికూతురు రేచల్ అమ్మమ్మ.

2004లో ఏర్పాట్లకని రెండు నెలల ముందే వెళ్లాను. ఆవిడ నన్ను టీకి పిలిచింది.

“శనివారం మా మతంలో విశ్రాంతి దినం, మేము కారెక్కకూడదు. ఆ హాలేమో నేను నడవగలిగే దూరం కాదు. ఆదివారం కుదరదా, మిస్టర్ రావ్?”

హాలు ఆదివారం కూడా ఖాళీయే. పురోహితుడు రాసిచ్చిన చీటీలో ఆదివారం ముహూర్తమూ ఉంది. ఆ చీటీ నా జేబులోనే ఉంది. కానీ అప్పటికే ఫోన్ కార్డు గీకి బంధువులందరికీ శనివారమని చెప్పేశాను. మాట మార్చడం నామోషీ అనిపించింది.

“శనివారం మాకు స్థిరవారమండీ. కాపురం స్థిరంగా ఉంటుంది. ఇంకో రోజుకి నక్షత్రాలు ఒప్పుకోవు,” అన్నాను.

ఆవిడ నవ్వింది. “ఆకాశంలో మూడు చుక్కలు కనబడితే గానీ మా శనివారం అయిపోదు. సరే, మీ చుక్కలతో నా చుక్కలు పోట్లాడవులెండి.”

పెళ్లిరోజు చీకటి పడ్డాకే వచ్చింది. అప్పటికి తలంబ్రాలు ఊడ్చేస్తున్నారు. నాలుగు గింజలు ఏరి మనవరాలి తల మీద వేసింది.

“తాళి కట్టేటప్పుడు ఏడ్చావా?”

“నువ్వు లేవని ఏడ్చాను, గ్రాండ్‌మా.”

ఆవిడ నావైపు తిరిగింది. “స్థిరంగా ఉంటారుగా?”

“ఉంటారండీ,” అన్నాను.

ఆవిడ ఉన్నన్నాళ్లూ చీటీ సంగతి చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, అదీ ఆవిడకు రాని భాషలో.