పాపుగారి బొమ్మ మీద పడ్డ తెల్ల రంగు

2025 ఏప్రిల్. మా మెయింటెనెన్స్ కంపెనీ షెడ్డు మస్కట్ పక్కన రుసైల్‌లో ఉంది. పొద్దున్నే అక్కడ బండెక్కితే, ఒమన్‌లో ఎక్కడ పని ఉంటే అక్కడ దింపుతారు. ఆ నెల ఒక చర్చి హాలుకు రంగు వేసే పని వచ్చింది. ఆ చర్చి ఏ ఊళ్ళోదో రాయను. నేను నాలుగో తరగతి దాకానే చదివాను. ఇట్లా నలుగురు చదివేది రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు మా పని సంగతి కొంచెం చెప్పాలి. మొదటి రోజు మేం రంగు డబ్బా మూత కూడా తీయం. మాస్కింగ్ చేస్తాం. అంటే రంగు పడకూడని వాటి మీద ప్లాస్టిక్ కప్పి, అంచులకు టేపు వేస్తాం. పెద్ద హాళ్ళకు బ్రష్షు పనికిరాదు. ఎయిర్‌లెస్ వాడతాం. అది పంపు ఒత్తిడితో రంగును పొగమంచులా చిమ్మే మిషన్. అది పట్టినవాడు మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకుంటాడు. అద్దాల మీద తుంపర పడి సగం మసకే కనిపిస్తుంది. అందుకని మాకు ఒకటే రూలు: ప్లాస్టిక్ ఉంటే వదలాలి, లేకపోతే కొట్టాలి. లేబర్ క్యాంపు గోడల మీద పేర్లు, పూలు, సినిమా హీరోలు ఎన్నో ఉంటాయి. ప్రతి బొమ్మ దగ్గరా ఆగి ఆలోచిస్తే డ్యూటీ నడవదు.

ఆ హాలులో వేదిక పక్క గోడ మీద పోపు బొమ్మ ఉంది, అంటే క్యాథలిక్కుల పెద్ద గురువుది. మనిషంత ఎత్తు. తెల్ల అంగీ, తెల్ల టోపీ, నల్ల బూట్లు, దీవిస్తూ పైకెత్తిన చెయ్యి. ఆరేళ్ళ కింద ఆయన అబుదాబి వచ్చినప్పుడు ఇక్కడి వాళ్ళు బస్సుల్లో వెళ్ళి చూశారట. వాళ్ళలో ఒకతను తిరిగొచ్చాక గీసిన బొమ్మ అది. అతను ఇప్పుడు ఒమన్‌లో లేడు. ఇదంతా నాకు చెప్పింది ఆ బస్సుల్లో వెళ్ళొచ్చిన చిన్నప్ప గారు. గుంటూరు వైపు మనిషి, డ్రైవరు. సెలవు దొరికితే చర్చి పనులు చూసుకుంటారు. వాళ్ళు పోపును పాపుగారు అంటారు.

"దగ్గర్నుంచి చూసిన్రా సారూ?" అని అడిగాను.

"దగ్గరెక్కడయ్యా! అంత జనంలో తెల్ల చుక్కలాగా కనపడ్డారు. ఆ చుక్కని చూసి ఎంత ఏడ్చానో నాకే తెలీదు."

ఒకప్పుడు రాజుల నెత్తిన కిరీటం పెట్టింది పాపుగార్లేనని, నచ్చకపోతే దింపింది కూడా వాళ్ళేనని ఆయన చెప్పారు. "ఒక్క మాటతో యుద్ధాలు మొదలెట్టినోళ్ళూ ఉన్నారు, ఆపినోళ్ళూ ఉన్నారు. ఇప్పటికీ ఆయనకి సొంత దేశం ఉందయ్యా. దేశదేశాల్లో రాయబారులున్నారు."

"గంత పెద్దమనిషిని మంచిగ కప్పాలె మరి," అని నవ్వాను. నేను, సలీం కలిసి బొమ్మను ప్లాస్టిక్‌తో కప్పి నాలుగు వైపులా టేపు వేశాం. సలీం కడప మనిషి, చాలా ఏళ్ళుగా నా జోడీ. ఎయిర్‌లెస్ పట్టడంలో మా కంపెనీలో అతని తర్వాతే ఎవరైనా.

ఈస్టర్ మరునాడు ఆ పోపు చనిపోయారని వార్త వచ్చింది. పని ఆపారు. శుక్రవారం హాలు నిండా ప్రార్థనలు జరిగాయట. శనివారం మా ఫోర్‌మన్ గంగారాం మమ్మల్ని మళ్ళీ అక్కడికే తోలాడు. నేను బయట బండి దగ్గర గుడ్డతో రంగు వడకడుతున్నాను. సలీం లోపల మిషన్ మొదలుపెట్టాడు. కాసేపటికి మిషన్ చప్పుడు మధ్యలో ఆగింది. సలీం గుమ్మంలోకి వచ్చాడు. అద్దాలు నుదుటి మీద ఉన్నాయి.

"రాజేశన్నా, ఈడ బొమ్మ ఉండె గదన్నా?"

నేను లోపలికి ఉరికాను. గోడ తెల్లగా ఉంది. ముఖం లేదు. ఎత్తిన చెయ్యి లేదు. కింద పల్చగా పడ్డ రంగులోంచి నల్ల బూట్లు మాత్రం మసకగా కనబడుతున్నాయి.

"ప్లాస్టిక్ ల్యాకుండెన్నా. అల్లా తోడు, ల్యాకుండె. అద్దాల్లో ఏందో మరక మాదిరి అగపడె."

నిజమే. మేం కప్పిన ప్లాస్టిక్ మూలన మడత పెట్టి ఉంది. గోడ కింద కొవ్వొత్తుల మైనం, వాడిన పూలు. శుక్రవారం ఎవరో తీశారు, మళ్ళీ కప్పలేదు.

చర్చి. చనిపోయిన పోపు ముఖం. దాని మీద తెల్ల రంగు. వేసినవాడు ముస్లిం. ఈ నాలుగూ కలిపి ఎవరైనా ఫోన్లో పెడితే ప్లాస్టిక్ కథ ఎవరు వింటారు? ఏ మతాన్ని అవమానించినా ఈ దేశంలో ఊరుకోరని క్యాంపులో అందరికీ తెలుసు. పోలీసులు, జైలు, ఆ తర్వాత మళ్ళీ రాకుండా ఇంటికి పంపడం. కిరీటాలు దింపిన పాపుగార్ల మాటలు అప్పుడే గుర్తుకొచ్చాయి. రాయబారులున్న మనిషి. ఫిర్యాదు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పోతుందో!

ఫోర్‌మన్‌కు ఫోన్ చేశాను.

"ఎవడు కొట్టిండు?"

"అన్నా, ప్లాస్టిక్ ఎవలో తీసి..."

"ఎట్లయిందని అడుగలె. ఎవడు కొట్టిండు?"

"సలీం."

"అయితే ఎవలడిగినా ఆని పేరే చెప్పు. కంపెనీ పేరు తియ్యకు. ఆణ్ణి బండెక్కిచ్చి రూముకు తోలు, ముంగట అక్కడి నుంచి తప్పియ్యి."

సలీం నా పక్కనే నిలబడి వింటున్నాడు. చేతి గ్లౌజులు తీసి, నెమ్మదిగా జేబులో పెట్టుకున్నాడు. నేను అతన్ని బండెక్కించలేదు, గోడ మీద రంగు ఇంకా తడిగానే ఉంది.

మేం వేసింది ఎమల్షన్, అంటే నీళ్ళలో కలిపే రంగు. తడిగా ఉన్నప్పుడు తుడిస్తే వస్తుంది, ఆరితే రాదు. కానీ కింద బొమ్మ దేనితో గీశారు? నూనె రంగైతే మా తెలుపు మాత్రమే వస్తుంది. అదీ నీళ్ళ రంగే అయితే తెలుపుతోపాటు పాపుగారు కూడా గుడ్డకు అంటుకుని వచ్చేస్తారు. అడగడానికి పోతే ఇక్కడ ఆరిపోతుంది. అడగకుండా తుడిస్తే ఉన్నదీ పోవచ్చు. ఏసీ గాలికి రంగు తొందరగా ఆరుతుందని ముందు ఏసీ ఆపేశాను. ఇంతలో వెనక నుంచి అరుపు.

"ఏంటయ్యా ఇది! ఏం చేశారయ్యా!"

చిన్నప్ప గారు. "ఆయన్ని ఇవాళే గదయ్యా సమాధి చేసేది! ఇంకో గంటలో జనం వస్తారు. చర్చిలో టీవీ పెట్టాం. ముందు ఈ బొమ్మ దగ్గరికొచ్చేగా అక్కడికి పోయేది!"

ఫోన్ తీసి గోడ వైపు పట్టుకున్నారు. "ఫోటో గ్రూపులో పెడతా. ఎవరు చేశారో అందరికీ తెలియాల."

సలీం మిషన్ పక్కన నేల మీద కూర్చున్నాడు.

నేను రెండు చేతులూ జోడించాను. "సారూ, ఫోటో తీసుకోండ్రి, పంపకుండ్రి. మీ కాల్మొక్త. ఒక్క మాట చెప్పుండ్రి. గా ప్లాస్టిక్ ఎవరు తీసిన్రు?"

ఆయన మూలన ఉన్న ప్లాస్టిక్ వైపు చూశారు. ఫోన్ పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"నేనే," అన్నారు. "ఆడవాళ్ళు ఒక్కసారి తాకుతామన్నారు. మళ్ళీ కప్పుదామంటే చేతులు రాలేదయ్యా. శవం మీద గుడ్డ కప్పినట్టు అనిపించింది. మీరు సోమవారం వస్తారనుకున్నా."

అప్పుడే ఆ చర్చి ఫాదర్ వచ్చారు. మంగళూరు వైపు ఆయన, మాతో హిందీలో మాట్లాడతారు. గోడ చూశారు. అరవలేదు, పేరు అడగలేదు. "వెనక్కి తేగలరా?" అని మాత్రం అడిగారు. నేను విషయం చెప్పాను. ఏ రంగుతో గీశారో ఆయనకూ తెలియదు.

తడిగుడ్డతో అంగీ అంచున తుడిచి చూశాను. తెల్లగా వచ్చింది. అది మా తెలుపా, అంగీ తెలుపా? తెలుపు మీద తెలుపు, ఎట్లా తెలుస్తుంది? ముఖం మీద తుడిచి చూసే ధైర్యం ఎవరికీ లేదు.

"బూటు మీద చూడు," అన్నారు చిన్నప్ప గారు.

బూటు మీద తుడిచాను. మొదట తెలుపు వచ్చింది. తర్వాత గుడ్డ మీద నలుపు కనబడింది. చిన్నప్ప గారు "ఏసయ్యా" అంటూ కళ్ళు మూసుకున్నారు. కానీ కొవ్వొత్తులు నిన్న అక్కడే వెలిగాయి కదా, పొగ పట్టి ఉంటుందేమో అని ఇంకో శుభ్రమైన గుడ్డ తడిపి మళ్ళీ తుడిచాను. ఈసారి ఏ రంగూ అంటలేదు. బూటు గోడ మీద అట్లాగే మెరుస్తూ ఉంది.

"నూనె రంగే," అన్నాను.

ఫాదర్ ఒక గుడ్డ తీసుకుని సలీం చేతికిచ్చారు. "నువ్వు ముఖం తుడువు."

"నేను తాకచ్చునా ఫాదర్?" సలీం చేతులు గజగజ వణుకుతున్నాయి.

ఫాదర్ పక్కన నిలబడి కథ చెప్పినట్టు మొదలుపెట్టారు. సలీం వణుకు తగ్గాలనే అనుకుంటా. ఆయన రోమ్‌లో చదివారట. అక్కడ పోపు ఉండే ఇంట్లో ఒక పోపు గీయించిన బొమ్మల్ని తర్వాతి పోపు గీకించేసి, వేరే పెయింటర్‌తో గీయించారట. ఇప్పుడు లోకమంతా చూసేది ఆ రెండో వాటినేనట. ఇంకో గోడ మీద బట్టల్లేని మనుషుల బొమ్మలుంటే, గీసినతను పోయాక వేరే పెయింటర్‌తో బట్టలు వేయించారట. పాపం ఆ పెయింటర్‌కు లాగుల మేస్త్రీ అని పేరు పడిపోయిందట.

"పెయింటర్లకు పోపులే ఫోర్‌మన్లా ఫాదర్?" అన్నాను.

"తొందరపెట్టడంలో వాళ్ళ ముందు మీ ఫోర్‌మన్ ఏం సరిపోతాడు?" అన్నారు.

సలీం నవ్వలేదు కానీ చెయ్యి కుదురుకుంది. నుదురు బయటపడింది, తర్వాత కళ్ళు, తర్వాత నవ్వు. చిన్నప్ప గారు బకెట్‌లో నీళ్ళు మారుస్తూ, ముక్కు చీదుకుంటూ, "ఆ చెంప దగ్గర, నిదానంగా బాబూ," అంటున్నారు. ఎత్తిన చేతి దగ్గరికి వచ్చేసరికి రంగు ఆరిపోయింది. ఎంత తుడిచినా వేళ్ళ చివర్లు రాలేదు. గీకితే కింద రంగు కూడా లేస్తుందని ఆపేశాను.

జనం రావడం మొదలైంది. మేం ముగ్గురం తడి బట్టలతో గోడ ముందు నిలబడి ఉన్నాం. ఒకావిడ వచ్చి చూసి, "వేళ్ళేమయ్యాయి?" అని గట్టిగా అడిగింది. ఆ మాటకు పది మంది తిరిగి చూశారు. సలీం నా వెనక్కి జరిగాడు.

చిన్నప్ప గారు ముందుకొచ్చారు. "హాలుకి రంగేస్తుంటే పడిందమ్మా. ప్లాస్టిక్ తీసి మళ్ళీ కప్పంది నేనే. ఈ పిల్లలే మళ్ళీ తుడిచి తెచ్చారు."

ఆవిడ కాసేపు సలీం తల మీది తెల్ల చుక్కల్ని చూసింది. తర్వాత బొమ్మ అంగీ అంచు తాకి, కళ్ళకద్దుకుని, చర్చిలోకి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ అంతే. ఫిర్యాదు రాలేదు. ఫోర్‌మన్ తిట్టాడు, అంతే.

ఆ పని నాకు రెండు నేర్పింది. ఒకటి పనిలోది. ప్లాస్టిక్‌ను నమ్ముకోకూడదు. మిషన్ ఆన్ చేసే ముందు గోడంతా ఒకసారి నడిచి, చేత్తో తడిమి చూడాలి. ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళందరితో అదే చేయిస్తున్నాను.

రెండోది చెప్పడం కొంచెం కష్టం. ఆ రోజు ఫోర్‌మన్ అడగ్గానే నేను సలీం పేరు చెప్పాను. చిన్నప్ప గారు ఫోన్ ఎత్తింది కూడా ఒక పేరు కోసమే. భయం పట్టిన మనిషి ముందు వెతికేది తడిగుడ్డను కాదు, ఎవరిదో ఒక పేరును. ఆ వెతికే సేపట్లోనే రంగు ఆరిపోతుంది.