దానయ్య చెప్పిన సెనెగల్

పిడుగురాళ్ల సున్నపు బట్టీల వైపు వెళ్ళి ఫిట్టర్ దానయ్య ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. క్రషర్ చప్పుడు రోడ్డు మీద నుంచే విని ఏ బేరింగు పోబోతోందో చెప్పే మనిషి. ఆ పనితనమే అతణ్ణి యాభయ్యో ఏట పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ దాకా తీసుకెళ్ళింది. అక్కడొక సున్నపురాయి క్వారీలో నాలుగేళ్ళు పనిచేసి మొన్న ఎండాకాలంలో తిరిగొచ్చాడు. వచ్చిన రెండో నెలలోనే మళ్ళీ కబురొచ్చింది. ఎనిమిదిమందిని వెంటబెట్టుకుని వస్తే పెద్దమేస్త్రీ పని నీదేనన్నారు.

దానయ్య కాళ్ళు నేల మీద ఆనలేదు. భార్య వెంకాయమ్మ మాత్రం ససేమిరా అంది.

"ఆ దిక్కుమాలిన దేశానికి మళ్ళీ పోతావా? గడప దాటావంటే కాళ్ళిరగ్గొడతా."

ఆమె తప్పేం లేదు. మనవైపు ఊరు వదిలి వెళ్ళినవాడు ఫోన్లో బాగున్నానని ఛస్తే చెప్పడు. చెబితే దిష్టి. "ఏదో ఉన్నాంలే" అని మూలిగి ఊరుకుంటాడు. దానయ్య ఏ పనీ సగంలో వదిలే రకం కాదు కదా, మూలగడంలోనూ అంతే శ్రద్ధ చూపించాడు. తిండి లేదన్నాడు. పలకరించే దిక్కు లేదన్నాడు. అక్కడ ఆరు కిలోలు పెరిగి, వీడియో కాల్ చేసినప్పుడల్లా బుగ్గలు లోపలికి పీల్చుకుని కూర్చునేవాడు. ఆ బుగ్గలు చూసి వెంకాయమ్మ శనివారాలు ఒంటిపూట ఉండేది.

ఇప్పుడు అసలు సంగతి చెబితే ఇంట్లో రోలూ రోకలీ గాల్లోకి లేస్తాయి. చెప్పకపోతే పెద్దమేస్త్రీ పని పోతుంది. పులి మీద సవారీ అంటే ఇదే.

ఇంతలో మనుషుల్ని కుదిర్చిపెట్టే రవిచంద్ర ఒక ఏర్పాటు చేశాడు. అతనికి బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో ఉంది. ఆదివారం పొద్దున మేడ మీద గదిలో కుర్చీలు వేయించి, వెళదామనుకుంటున్న ఎనిమిదిమందినీ వాళ్ళ ఆడవాళ్ళనూ పిలిచాడు. ఆ దేశం ఎలా ఉంటుందో దానయ్య చెప్పాలి, వాళ్ళు విని సంతకాలు పెట్టాలి. దానయ్య గొంతు సవరించుకుని తలెత్తేసరికి ముందు వరసలో వెంకాయమ్మ! ఎవరు పిలిచారో ఏమో, ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వచ్చింది.

దానయ్య జాగ్రత్తగా మొదలుపెట్టాడు. "హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కణ్ణుంచి వాళ్ళ రాజధాని దాకార్. ఎల్లో ఫీవర్ సూది వేయించుకోవాల, ఆ కార్డు పోగొట్టుకోగూడదు. దోమలుంటయ్, తెర కట్టుకునే పడుకోవాల. చలికాలం ఎడారి గాలి దుమ్ము లేపుద్ది. ఇక్కడ సున్నం మింగినోళ్ళకి అదేమంత లెక్కగాదులే."

ఇక్కడిదాకా బాగానే ఉంది. రెండో వరసలోంచి, ఆ ఎనిమిదిమందిలో ఒకడి భార్య సుబ్బలక్ష్మి చెయ్యెత్తింది. "తినడానికి ఏముండిద్ది బాబాయ్?"

అంతే. దానయ్య నోటికి బ్రేకు ఊడిపోయింది.

"నూకలమ్మా! పెళ్ళిలోనైనా నూకలన్నమే. మనం కోళ్ళకేసే నూకల్ని వాళ్ళు చేపతో, కూరగాయలతో వండితే ఉంటదీ... పేద్ద బేసిన్లో పోసి నేల మీద పెడతారు. చుట్టూ అందరం కూర్చోవడం, ఎవరి ముందున్నది వాళ్ళు తినడం. మంచి చేపముక్క ఉంటే ఆ ఇంటి ఇల్లాలు తుంచి మన వైపు నెడతది. దారినపోయేవాణ్ణి కూడా రా, తిను అని పిలుస్తారు."

"కారం?"

దానయ్య చెవులు పట్టుకున్నాడు. "ఆ ఒక్కటీ అడగమాకండి. గుంటూరు కారం పది కిలోలు మోసుకెళ్ళి, మీకేం తెలుసురా కారమంటే అని వాళ్ళ ముందు మీసం తిప్పా. బుల్లి గుమ్మడికాయలాంటి మిరపకాయ ఒకటి చేతిలో పెట్టారు. కొరికా. రెండు గంటలు పంపు కింద నోరు పెట్టుక్కూర్చున్నా!"

గది గొల్లుమంది. దానయ్య ఇక ఆగలేదు. వీధి వీధికీ వేపచెట్లేనన్నాడు. పొద్దున్నే మంచీచెడ్డా అడక్కుండా ఎవరూ పని మాట ఎత్తరన్నాడు. వాళ్ళ భాషలో "నంగ దెఫ్" అంటే ఎలా ఉన్నావని, "మంగి ఫి రెక్" అంటే ఇదుగో ఉన్నానని చెప్పి, ఎనిమిదిమందినీ లేపి ఒకరి చెయ్యి ఒకరికిచ్చి పలకరింపులు ఆడించాడు. టీ మూడు దఫాలు కాస్తారని, మొదటిది చేదుగా, మూడోది పాకంలా ఉంటుందని, మూడోది తాగకుండా లేస్తే చిన్నబుచ్చుకుంటారని చేతులు తిప్పుతూ పోసి చూపించాడు. ఆ ఊపులోనే అనేశాడు.

"గోంగూర సంతలో కుప్పలు! ఆకు కూరొండుతారు, ఎర్రకాయలు నానేసి చక్కెరేసి షర్బత్తు జేస్తారు. నేను రోజూ..."

వెంకాయమ్మ లేచి నిలబడింది.

"ఏమయ్యా. గోంగూర మొహం చూడలేదన్నావు గదా?"

దానయ్య బుగ్గలు వాటంతటవే లోపలికి పోయాయి.

"నీకు దొరకనిది నాకెందుకని నాలుగేళ్ళు నేను నోట్లో పెట్టలా," అంది ఆమె. ఈసారి గొంతు పెద్దగా లేదు.

దానయ్యకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. "దిష్టి తగులుద్దని చెప్పలేదే," అన్నాడు నేల చూపులతో.

"దిష్టి సంగతి అట్టా ఉండనీ. అంత బాగుంటే నన్నెందుకు పిలవలా?"

నాలుగేళ్ళూ ఆ బేసిన్ చుట్టూ మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చుని తినడం చూశాడు. చూసినప్పుడల్లా వెంకాయమ్మ గుర్తొచ్చేది. పిలవొచ్చన్న సంగతి మాత్రం తోచలేదు. అదే చెప్పాడు. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రవిచంద్ర మెల్లగా ఒప్పందం కాగితం పైకెత్తాడు. "పెద్దమేస్త్రీకి విడిగా ఇల్లిస్తారంట పిన్నీ. భార్యను తీసుకెళ్ళొచ్చని రాసుంది."

"రాయ్ నా పేరు," అంది వెంకాయమ్మ. "ఆ మిరపకాయ సంగతేందో నేను చూస్తా."

ఈలలు, చప్పట్లు. ఎనిమిది సంతకాలూ పడిపోయాయి. మాకూ ఇళ్ళిమ్మని అడగండని సుబ్బలక్ష్మి అప్పుడే దెబ్బలాట మొదలుపెట్టింది. పాస్‌పోర్టుకు ఇప్పుడే ఫొటో తీసేద్దామని రవిచంద్ర వెంకాయమ్మను కింద స్టూడియోలో స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"పళ్ళు కనపడగూడదు పిన్నీ, నోరు మూయాల."

మూసింది. ఎదురుగా, దొంగలా నిలబడ్డ దానయ్యను చూసింది. ఫక్కున నవ్వింది. మళ్ళీ మూసింది, మళ్ళీ నవ్వింది. ఏడు ఫొటోలు పాడయ్యాక రవిచంద్ర దానయ్యను బయటికి పంపి తలుపేశాడు. లోపల ఎనిమిదో ఫొటో కూడా పాడయిన చప్పుడు వినిపించింది. బయట బస్టాండు జనం చూస్తున్నారన్న ఇంగితం కూడా లేకుండా దానయ్య ఒక్కడే నవ్వుతూ నిలబడ్డాడు.