గుర్రం మీద పదమూడో ఎక్కం

కిందటేడు గుర్రం మీంచి పడ్డాను. ఆ తర్వాత గుర్రం పరుగందుకుంటే చాలు, ఒళ్లు బిగుసుకుపోయేది. ఇక మానేద్దామనుకుంటున్న రోజుల్లో ఆఫీసు పని మీద తిరువళ్లూరు వెళ్లాను. పాండూరు దగ్గర స్వారీ నేర్పుతారని తెలిసి, చివరిసారిగా ప్రయత్నిద్దామని అక్కడికి పోయాను. నేర్పేది రాణెమ్మ, నలభై ఏళ్లుంటాయి. అది అరవ ఊరైనా నాతో తెలుగే మాట్లాడింది.

గుర్రం వేగం అందుకోగానే కళ్లెం లాగేశాను. అది తల విదిలించి ఆగిపోయింది.

“ఊపిరి బిగబట్టుకోనుండారు అన్నా. మీరు బిగుసుకుంటే అదీ బెదరతాది. ఎక్కాలు చెప్పండి. నోరాడతా ఉంటే ఊపిరి ఆడతాది” అంది.

సిగ్గుపడుతూనే పన్నెండో ఎక్కం మొదలుపెట్టాను. గుర్రం మళ్లీ పరుగందుకుంది. పదమూడో ఎక్కంలో ఏడు దగ్గర తడబడ్డాను.

“తొణ్ణూత్తి ఒణ్ణు!” మైదానం మధ్య నుంచి రాణెమ్మ అరవంలో అందించింది.

“అంటే ఎంతమ్మా?”

“తెలుగులో లెక్క నాకు యాడొస్తాది అన్నా? ఇంట్లోనే తెలుగు. ఇస్కూల్లో చదివిందంతా అరవం.”

“తొంభై ఒకటా?”

“అదేమో మీకే తెలియాల! ఆపొద్దండి, పోనీండి.”

నవ్వొచ్చింది. చూసుకుంటే కళ్లెం నా చేతుల్లో వదులుగా ఉంది. గుర్రం అప్పటికే పరుగు మీద రెండు చుట్లు తిరిగేసింది. దిగుతానని నేను అనలేదు. పద్నాలుగో ఎక్కం అందుకున్నాను.